ఏత్వం ఎక్కడ కూర్చోవాలి?

కరీంనగర్‌లో ఏప్రిల్, మే నెలలంటే పెండ్లి కార్డుల సీజన్. టవర్ సర్కిల్ వెనక సందులో మా అన్న ఒకాయనకు డీటీపీ సెంటర్ ఉంది. సొంత అన్న కాదు, ఊరి వరుస. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, ఒక చిన్న లేజర్ ప్రింటర్, మూలకు లామినేషన్ పెట్టె. సాయంత్రం పూట నేనక్కడ కూర్చొని ప్రూఫులు దిద్దేవాణ్ణి. పైసలకు కాదు, అలవాటు కొద్దీ. ‘సుముహూర్తం’లో దీర్ఘం పోతే పెండ్లేమీ ఆగదు గానీ నాకు నిద్ర పట్టదు.

2014 ఎండాకాలంలో మూడు తారీఖులున్నాయి. ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీని వదిలేసింది, ఇక మరమ్మతులు పంపేది లేదని. ఏప్రిల్ 17న లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 14.04 విడుదలైంది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా సందులో మూడో తారీఖు తప్ప మిగతా రెండూ ఎవరికీ తెలియవు. మాకు తెలిసిందల్లా వైరస్. ఎవరో డిగ్రీ పిల్లగాడు రికార్డు ప్రింటు తీసుకుందామని పెన్‌డ్రైవ్ పెట్టాడు. పొద్దుమూకేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చున్నాయి. లోపలున్న పెండ్లి కార్డులు కనబడవు. రెండు రోజుల్లో లగ్గం ఉన్న ఇంటాయన బయట బండి మీద కూర్చొని హారన్ కొడుతున్నాడు.

నేను విండోస్ బదులు లైనక్స్ మాటెత్తాను. దాంట్లో ఈ రోగం ఉండదన్నాను.

“ఎంత తమ్మీ?”

“పైస లేదన్నా. ఫ్రీ.”

అన్న నవ్విండు. గల్లాపెట్టె కింద నుంచి ఒక సీడీ తీసి చూపించిండు. స్కెచ్ పెన్నుతో ‘ఎక్స్‌పీ’ అని రాసి ఉంది. “మనది గూడ ఫుకటే గద.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ మన దిక్కు లైనక్స్ గురించి చెప్పే ప్రతివాడూ మొదట ‘ఉచితం’ అంటాడు, అక్కడే దెబ్బ తింటాడు. దొంగ సీడీ యాభై రూపాయలకు దొరికే బజారులో ఉచితానికి విలువేం ఉంటుంది? ఈ కథ మొదలైంది ధర దగ్గర కాదు. మొదలైంది ప్రింటర్‌లో ఇరుక్కున్న కాయితం దగ్గర. ఆ సంగతి చెబితే మా అన్నకు ఒక్క నిమిషంలో ఎక్కేది. అప్పుడు నాకు తట్టలేదు.

1980 ప్రాంతం. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. అక్కడి పాత ప్రింటర్‌లో కాయితం ఇరుక్కుంటే, వేరే గదుల్లో ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. గంట ఆగి వచ్చి చూస్తే మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి ఉండేది. స్టాల్‌మన్ దాని ప్రోగ్రామ్ తెరిచి నాలుగు లైన్లు కలిపాడు. ఇరుక్కోగానే, ప్రింటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరికీ తెర మీద కబురు వచ్చేది. ఎవరో ఒకరు లేచిపోయి లాగేవారు. చిన్న పని. తర్వాత జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. వేగం ఎక్కువే, ఇరుక్కునే గుణం మాత్రం పోలేదు. పాత కిటుకే దీనికీ కలుపుదామని చూస్తే ఈసారి ప్రోగ్రామ్ మూలం ఇవ్వలేదు, యంత్రానికి అర్థమయ్యే అంకెల ముద్ద మాత్రమే ఇచ్చారు. మూలం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి అక్కడికి పోయి అడిగాడు. ఆయన ఇవ్వనన్నాడు. ఎవరికీ ఇవ్వనని కాయితం మీద సంతకం పెట్టి ఉన్నాడట.

ఏ జిరాక్స్ సెంటర్ వాణ్ణి అడిగినా చెప్తాడు, ఇరుక్కున్న కాయితాన్ని లాగనివ్వకపోతే ఎంత కడుపు మండుతుందో. స్టాల్‌మన్ కడుపు మంట మాత్రం అక్కడితో చల్లారలేదు. 1983 సెప్టెంబర్ 27న గ్నూ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టం మొత్తం రాస్తానని ప్రకటించాడు. దానికి తోడుగా 1989లో జీపీఎల్ అనే లైసెన్సు తెచ్చాడు. దీన్ని వాడుకో, తెరిచి చూడు, మార్చుకో, పంచు. పంచేటప్పుడు నీకు దొరికిన హక్కులన్నీ తీసుకున్నవాడికీ దొరకాలి. షరతు ఇంతే. ఇంగ్లిషులో ‘ఫ్రీ’ అనే మాటతో ఆయనకు జన్మంతా తిప్పలే. ఉచితమా, స్వేచ్ఛా అని ప్రతి సభలో విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. మనకా బాధ లేదు. ఫుకట్ వేరు, స్వేచ్ఛ వేరు. మన భాషలో ఆ రెండూ ఏనాడూ ఒక చాప మీద కూర్చోలేదు.

ఎనిమిదేళ్లయినా గ్నూలో ఒక ముక్క తయారు కాలేదు. కెర్నల్. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య నిలబడే నడిమి మనిషి అనుకోండి. అది హెల్సింకీలో ఒక విద్యార్థి గదిలో తయారవుతోందని ఎవరికీ తెలియదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో కిస్తీల మీద ఒక 386 కంప్యూటర్ కొన్నాడు. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ పాఠం చెప్పడానికి రాసిన మినిక్స్ అనే చిన్న సిస్టం దాంట్లో వేసుకున్నాడు. అది చాలలేదు. సొంతంగా రాయడం మొదలుపెట్టి, ఆగస్టు 25న మినిక్స్ వాడేవాళ్లకు కబురు పెట్టాడు. ఇది సరదాకు చేస్తున్నా, గ్నూ అంత పెద్దదేమీ కాదు, మీకేం కావాలో చెప్పండి అని. పేరు కూడా ఆయన పెట్టింది కాదు. ఆయన మనసులో ఉన్న పేరు ‘ఫ్రీక్స్’. సర్వర్‌లో చోటిచ్చిన మిత్రుడు ఆరి లెమ్కెకు అది నచ్చక ఫోల్డర్‌కు ‘లైనక్స్’ అని పెట్టేశాడు. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాక, గ్నూ ముక్కలూ ఈ కెర్నలూ కలిసి పూర్తి సిస్టం అయింది. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ దాన్ని కూర్చి పంచే డెబియన్ మొదలుపెట్టాడు. దాని మీద 2004 అక్టోబర్‌లో మార్క్ షటిల్‌వర్త్ ఉబుంటు తెచ్చాడు. ఆయన చాలా ఏళ్లు అడిగిన వాళ్లందరికీ పోస్టులో సీడీలు పంపాడు, తపాలా ఖర్చు కూడా తీసుకోకుండా.

ఇదంతా లైనక్స్ చరిత్ర, ఎక్కడైనా దొరుకుతుంది. దొరకని సగం తెలుగుది.

లైనస్ కబురు పెట్టిన ఆ 1991లోనే, అక్టోబర్‌లో, యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. లోకంలోని లిపులన్నింటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్ ఇచ్చే పట్టిక అది. దాంట్లో తెలుగు మొదటి రోజు నుంచే ఉంది. అప్పటికే మన దేశంలో భారతీయ లిపుల కోసం ఇస్కీ అనే సంకేతాలు తయారు చేసుకున్నారు, యూనికోడ్ వాళ్లు ఆ వరుసనే తీసుకున్నారు. అంటే లైనక్స్, తెలుగు యూనికోడ్ ఒకే ఈడు పిల్లలు. కలిసి ఆడుకోవడానికి మాత్రం పదేళ్లు పైన పట్టింది.

ఎందుకు పట్టిందో చూడాలంటే ‘స్వేచ్ఛ’ అనే మాటనే విప్పి చూడండి. కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లోపల ఏడు నంబర్లు. స, పొల్లు, వ, ఏత్వం, చ, పొల్లు, ఛ. మనం పలికే వరుసే అది. కానీ రాసే తీరు వేరు. ఏత్వం నంబర్ వ తర్వాత ఉంది, తీరా కూర్చోవాల్సింది స నెత్తిన. వ మాత్రం తలకట్టు లేకుండా, రూపు మార్చుకొని, కిందికి దిగి వత్తు కావాలి. ఛ కూడా అంతే. పొల్లు తన పని చేసి మాయమైపోవాలి. ఇంగ్లిషు అక్షరాలు రైలు పెట్టెల్లాగ ఒకదాని వెనక ఒకటి పోతాయి. మనవి మండపం మీద పెండ్లి ఫొటో. ఎవరు ముందుకు రావాలో, ఎవరు కింద కూర్చోవాలో, ఎవరి నెత్తిన ఎవరి చెయ్యి ఉండాలో చెప్పే పెద్దమనిషి ఒకడుండాలి. తొలినాళ్ల లైనక్స్‌లో ఆ పెద్దమనిషి లేడు. స ఒక దిక్కు, పొల్లు పట్టుకొని వ ఒక దిక్కు, ఏత్వం దిక్కులేక ఒక చుక్కల సున్నా మీద వేలాడుతూ కనబడేది. ఆ చుక్కల సున్నాను చూసిన మా తరం వాళ్లకు దాని మీద కోపం ఇంకా చల్లారలేదు.

మరి డీటీపీ సెంటర్లలో తెలుగు ఎట్లా నడిచింది? పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇరవై ఏళ్లు తెలుగు అచ్చు ప్రపంచం చాలావరకు ఆ రెండు కాళ్ల మీదే నిలబడింది, అది చిన్న మాట కాదు. అప్పటికి దొరికిన దారి వేరే లేదు. అయితే ఆ దారిలో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా చేసి, వాటిని ఇంగ్లిషు అక్షరాల గదుల్లో దాచారు. ఆపరేటర్ ఆ ముక్కలను ముత్యాల్లాగ పక్కపక్కన పేర్చాలి. ఫాంటు తీసేస్తే అక్కడ మిగిలేది చుక్కలు గీతలు పెట్టుకున్న రోమన్ అక్షరాలు. మా అన్న దగ్గర పదేళ్ల నాటి కార్డులున్నాయి గానీ, వాటిలో ఒక పెండ్లికూతురి పేరు వెతకడం కుదిరేది కాదు. కంప్యూటర్‌కు తెలిసిన మేరకు అక్కడ పేరే లేదు మరి. చిత్రమేమిటంటే ఎక్స్‌పీలోనే యూనికోడ్ తెలుగు ఉంది, గౌతమి అనే ఫాంటుతో సహా. సీడీ పెట్టి, అమరికల్లోకి పోయి, ఆన్ చేయాలి. మా సందులో ఒక్కరు కూడా ఆన్ చేసినట్టు నేను చూడలేదు.

లైనక్స్‌లో ఆ పెద్దమనిషి పని మొదట పాంగో అనే లైబ్రరీ నెత్తినేసుకుంది. గ్రీకులో ‘పాన్’ అంటే అన్నీ, జపానీలో ‘గో’ అంటే భాష. అన్ని భాషలూ అని పేరు. తర్వాత హర్ఫ్‌బజ్ వచ్చింది. కరీంనగర్‌లో ఉర్దూ చదువుకున్న వాళ్లెవరైనా ఈ పేరు వినగానే తలెత్తుతారు. హర్ఫ్ అంటే అక్షరం. ఫారసీలో బాజ్ అంటే తెరిచినది. దాన్ని నడిపించిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. ఫారసీలో కూడా అక్షరాలు చేతులు పట్టుకొని నడుస్తాయి, పక్కవాణ్ణి బట్టి రూపు మారుస్తాయి. నొప్పి తెలిసినవాడు చేసిన మందు అది. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీసులో మనం చదివే ప్రతి తెలుగు మాటకూ ఏత్వం ఎక్కడ కూర్చోవాలో చెప్పేది ఆ ఫారసీ పేరున్న ప్రోగ్రామే.

ఇక్కడొక పిట్టకథ. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ప్రపంచాన్ని వణికించింది. ఆ అక్షరం ఒక ప్రత్యేకమైన వరుసలో వస్తే ఐఫోన్‌లో దాన్ని చూపే యాప్ కూలిపోయేది. తెలుగు ముక్క రానివాళ్లు కూడా ఆ వారమంతా ఆటపట్టించడానికి ఒకరికొకరు పంపుకున్నారు. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న దిద్దుబాటు పంపింది. త్వరగానే పంపింది, కాదనను. కానీ అప్పటిదాకా తెలుగు తెలిసిన మొనగాడు ఎవడున్నా చేయగలిగింది ఏమీ లేదు, ఆ డబ్బా మూత తీసి జ్ఞ కింద ఏం తేడా కొట్టిందో చూసే వీలు లేదు కాబట్టి.

పెద్దమనిషి వచ్చినంత మాత్రాన సరిపోదు, ఫాంట్లు కావాలి. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు లోహిత్ పేరుతో చాలా భారతీయ భాషలకు స్వేచ్ఛా ఫాంట్లు ఇచ్చారు, తెలుగుకూ ఇచ్చారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారు చేసిన పోతన, వేమన ఫాంట్లను డెబియన్ ఒకే ప్యాకేజీలో పెట్టుకుంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వని పోతన పేరున్న ఫాంటు, ఎవరి సొత్తూ కాని సిస్టంలో చేరింది. కావాలని చేశారో లేదో గానీ నాకు ముచ్చటేసింది. తర్వాత తెలుగు విజయం పేరుతో మరికొన్ని వచ్చాయి. వాటిలో మండలి, పెద్దన, తిమ్మన, మల్లన్నతో పాటు మన సురవరం కూడా ఉన్నాడు.

ఇంకొందరు మెనూల మీద పడ్డారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ కాలేజీ పిల్లలను పోగేసి, డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారు చేసింది. కేంద్రం తరఫున సీడాక్ సంస్థ 2007లో బాస్ లైనక్స్ విడుదల చేసి భారతీయ భాషలకు చోటిచ్చింది. లైనక్స్ తెరలైన గ్నోమ్‌కు, కేడీఈకి అనువాదాలు చేసినవాళ్లలో ఎక్కువమంది పగలు ఉద్యోగాలు చేసుకొని రాత్రి కూర్చున్నవాళ్లు. వేల వాక్యాలు. ఒక్కో మాట దగ్గర పంచాయితీ. ఫోల్డర్ ‘సంచయం’ అయింది. సెట్టింగ్స్ ‘అమరికలు’. ఫైల్‌కు ‘దస్త్రం’ అన్నారు. ఇది మరీ సంస్కృతం అయిపోయిందని ఎవరో విసుక్కోవడం విన్నాను. సంస్కృతమెక్కడ? అది ఫారసీ దారిన వచ్చి మన ఊళ్లలో స్థిరపడిన మాట. పట్వారీ బట్టలో మూటగట్టి చంకన పెట్టుకొని తిరిగే కాయితాల కట్టను మా తాతలు దస్త్రమనే అన్నారు. ఆ మూట విప్పితే ఎవరి భూమి ఎవరి పేరు మీద ఉందో తెలిసేది, విప్పే హక్కు మాత్రం పట్వారీకే ఉండేది. కంప్యూటర్‌లోకి ఆ మాటను ఎవరు తెచ్చారో గానీ దండం పెట్టాలి.

మళ్లీ మా సందులోకి వద్దాం.

పెండ్లి కార్డులు ఎట్లాగో మళ్లీ కొట్టించి ఇచ్చాక, మే నెలలో ఒక ఆదివారం షట్టర్ సగం దించి మూడో కంప్యూటర్ మీద కూర్చున్నాం. ఒక జీబీ ర్యామ్ ఉన్న ముసలి మిషన్ అది. దానికి ఉబుంటు బరువవుతుందని, దాని తమ్ముడు లుబుంటును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చాను. ముందు పెన్‌డ్రైవ్ మీదనే నడిపి చూపించాను, డిస్కును ముట్టకుండా. అన్న నమ్మలేదు. పెన్‌డ్రైవ్ పీకేసి చూసిండు, మళ్లీ పెట్టిండు. ఆ తర్వాత సరేనన్నడు. ఇరవై నిమిషాల్లో ఎక్కింది.

అసలు పరీక్ష టైపింగ్ దగ్గర. ఆపరేటర్ చెల్లెకు పదేళ్లుగా యాపిల్ అనే కీబోర్డు వరుస అలవాటు. ప్రభుత్వం ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ పెడితే వేళ్లు గడ్డకట్టినట్టయ్యాయి. “ఇది నాతోని కాదన్నా” అని లేవబోయింది. అప్పుడు జాబితా కిందికి దించి చూస్తే అక్కడే ఉంది యాపిల్ వరుస. జపాన్‌లో మొదలైన ఎం17ఎన్ అనే ప్రాజెక్టులో ఎవరో తెలుగువాడు దాన్ని ముందే రాసిపెట్టాడు. దాని పక్కనే పోతన, సరళ, ఆర్‌టీఎస్. ఈ ఆర్‌టీఎస్ హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకోవడానికి 1990ల మొదట్లో చేసుకున్న పద్ధతి, పేరులో ఉన్న ‘ఆర్’ ఆ రైస్‌దే. చెల్లె యాపిల్ పెట్టుకొని మొదట కొట్టిన మాట ‘లక్ష్మి’. క్షకు కింద మ వత్తు, పైన గుడి, చక్కగా వచ్చాయి. ఇంకేదో కొట్టింది. ఒకసారి వెనకబొత్తాం నొక్కితే ముక్క కాకుండా అక్షరం చెరగడం చూసి, “ఓ, దీనికి తెలుగొస్తదా?” అంది. నేనిన్నాళ్లు చెప్పలేక తిప్పలు పడ్డ సంగతి ఆమె నాలుగు మాటల్లో అనేసింది.

ప్రింటర్ మాత్రం ఏడిపించింది. ప్రతి జిరాక్స్ సెంటర్‌లో ఉండే చిన్న నల్లడబ్బా అది, కంపెనీ పేరెందుకు లెండి. దానికి సొంత జ్ఞాపకం ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాని చెవిలో, నువ్వు ప్రింటర్‌వి, ఇట్లా పని చేయాలి అని మొదటి నుంచి చెప్పాలి. ఆ చెప్పే మాటలను కంపెనీ విండోస్‌కు మాత్రమే సరిగ్గా ఇచ్చింది. ఎక్కడో ఎవరో ప్రోగ్రామర్ కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య పోయే సంకేతాలను చాటుగా విని, ఆ భాష నేర్చుకొని, అందరికీ డ్రైవర్ రాసిచ్చాడు. దాన్ని ఎక్కించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి పదకొండు దాటాక, లైటు రెండుసార్లు ఆరి వెలిగి, కాయితం బయటికి వచ్చింది. స్టాల్‌మన్ కథ అన్నకు అప్పుడు చెప్పాను. చాయ్ తాగుతూ విన్నడు. “ఆయన గూడ మనోడే” అన్నడు.

మూడు కంప్యూటర్లలో రెండు మారాయి. ఒకటి మారలేదు, ఇప్పటికీ మారలేదు. ప్రెస్ వాళ్లు పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు. పాత కార్డులన్నీ అనులో ఉన్నాయి. పూర్తిగా మారిపోయామని గొప్పలు చెప్పుకునే వాళ్లను చూస్తే నాకు అనుమానం. బియ్యం మారిస్తే పూట గడుస్తుంది, పొయ్యి మారిస్తే వంట మనిషి చెయ్యి మారాలి. కేరళలో సర్కారు బడులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి పోయాయంటే వెనక ప్రభుత్వం ఏళ్ల తరబడి టీచర్లకు చెయ్యి పట్టి నేర్పింది. తమిళనాడులో ఎల్కాట్ సంస్థ 2007లో సూసే లైనక్స్ వైపు తిరిగిందంటే అప్పటి ఎండీ ఉమాశంకర్ వెంటపడి తిప్పాడు. మా సందులో వెంటపడింది వైరస్ ఒక్కటే.

అయినా ఆ మార్పు వేరే పనికి పనికొచ్చింది. అది చెప్పాలంటే ఆదిలాబాద్ అడవుల్లో ఉట్నూరు దాకా పోవాలి.

ఆ అడవుల్లో గోండులు మాట్లాడే గోండీకి లిపి లేదనే చాలాకాలం అందరూ అనుకున్నారు. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో కూర్చొని గోండు పిల్లలకు బడులు పెట్టించినప్పుడు వాచకాలు నాగరి లిపిలో అచ్చు వేయించాడు. తర్వాత వాళ్లకు తెలుగు అక్షరాలు వచ్చాయి. కానీ నార్నూర్ మండలం గుంజాల అనే ఊళ్లో కొన్ని ఇండ్లలో చేతిరాత పుస్తకాలుండేవి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం పోయి చూస్తే డజను దాకా తేలాయి. సుమారు 1750 నాటివని అంచనా. నెలల పేర్లు, వారాల పేర్లు, అంకెలు, వ్యాకరణం, చరిత్ర, అన్నీ గోండీ సొంత అక్షరాల్లో. ఆ అక్షరాలు చదవగలిగిన ముసలివాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. 2014 మొదట్లో లిపినీ, దాని తొలి ఫాంటునూ లోకానికి చూపించారు. మా సందులో ఎక్స్‌పీ పోయిన ఏడే.

అయితే ఫాంటు ఒక్కటే ఉంటే మన పాత కథే. తెర మీద అక్షరం బొమ్మ కనబడుతుంది, కంప్యూటర్‌కు మాత్రం అది గోండీ అని తెలియదు. నంబర్ కావాలి. యూనికోడ్ వాళ్లకు అర్జీ పోయింది. ఏ లిపికైనా అర్జీ పెట్టుకోవచ్చు, ఇది వాడుకలో ఉందని చేతిరాతలూ పుస్తకాలూ చూపించాలి. గినీ దేశంలో ఇద్దరు అన్నదమ్ములు చిన్నతనంలో ఫులానీ భాషకు తయారు చేసిన అడ్లం లిపి అట్లాగే 2016లో ఎక్కింది. గుంజాల గోండీ 2018 జూన్‌లో, యూనికోడ్ 11తో ఎక్కింది. 63 గుర్తులు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక మండలంలో ఒక ఊరు. దాని పేరు ప్రపంచంలో ప్రతి కంప్యూటర్ వాడాల్సిన పట్టికలో ఉంది. హైదరాబాద్‌కు కూడా ఆ భాగ్యం లేదు.

నంబర్ వచ్చిందంటే మిగతా పని హర్ఫ్‌బజ్ లాంటివి అందుకుంటాయి. గూగుల్ నోటో అనే ఫాంట్ల వరుసలో గుంజాల గోండీకీ ఫాంటు చేసి, ఎవరైనా తీసుకునేట్టు వదిలింది. ఇంత చిన్న లిపికి ఏ కంపెనీ లాభం చూసుకొని ఫాంటు చేసి అమ్మదు. అమ్మినా ఎవరు కొంటారు?

ఈ సంగతులన్నీ నేను చదువుకున్నవే, కండ్లతో చూసింది ఒక్కసారి. కరోనా తగ్గాక, ఒక చలికాలం సాయంత్రం, ఉట్నూరు దిక్కు నుంచి ఒక సార్ వచ్చిండు. కొడుకును హాస్టల్‌లో దింపి తిరిగి పోతూ, బస్సుకు గంట టైముంటే మా దుకాణంలోకి వచ్చిండు. “రాం రాం” అని పలకరించి, సంచిలోంచి డ్రాయింగ్ షీటు తీసిండు. స్కేలుతో గళ్లు గీసి, గళ్లల్లో చేత్తో గోండీ అక్షరాలు రాసి ఉన్నాయి. కొన్ని చోట్ల స్కెచ్ పెన్ను సిరా అలుక్కుంది. బడిలో గోడకు అంటించే చార్టు. జిరాక్స్ తీస్తే మసకగా వస్తుందని, కంప్యూటర్‌లో కొట్టిస్తే బాగుంటుందని ఆశ. ఆదిలాబాద్‌లో రెండు చోట్ల అడిగితే ఈ ఫాంటు మా దగ్గర లేదన్నారట.

అప్పటికి దుకాణంలో కొంచెం మంచి మిషన్ ఉంది, దాంట్లో ఉబుంటు. నోటో ఫాంటు దింపుకొని పెట్టాను. కీబోర్డు వరుస దొరకలేదు. లిబ్రేఆఫీసులో ప్రత్యేక అక్షరాల పట్టిక తెరిచి, గుంజాల గోండీ అని ఉన్న చోటు దాకా పోయేసరికి అప్పటిదాకా ఖాళీ డబ్బాలుగా కనబడ్డ గళ్లు అక్షరాలయ్యాయి. సార్ కుర్చీ ముందుకు జరుపుకున్నడు. నేను ఒక్కో గుర్తు మీద నొక్కాలి, ఆయన షీటు చూసి అవునో కాదో చెప్పాలి. “ఇది కాదు, దాని పక్కది.” “దీనికి తోక ఇంకొంచెం ఉంటది గానీ, సరే, ఇదే.” ఒక గుర్తు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆయన చేత్తో రాసిన రూపానికీ, ఫాంటులో ఉన్న రూపానికీ తేడా ఉంది. ఊళ్లో పెద్దాయన రాసే తీరు అట్లాగే ఉంటుందన్నడు. ఫాంటు తెరిచి మార్చుకోవచ్చు, లైసెన్సు ఒప్పుకుంటుంది అన్నాను. “మీరు మారుస్తరా?” అని అడిగిండు. నాకు రాదు. నేర్చుకున్న వాళ్లెవరైనా మార్చొచ్చు అన్నాను. ఆయన కాసేపు తెర వైపే చూసి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఆ ఫాంటు పేరు తెలుగులో రాసుకున్నడు.

మొత్తం చార్టు కావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆయన బస్సు పోయింది. ఇంకో బస్సుందిలే అన్నడు.

“ఎన్ని కాపీలు సార్?”

“ఇరవై తీయండి. అన్ని బడులకు కావాలె.”

ఏడో కాపీ దగ్గర కాయితం ఇరుక్కుంది. అన్న లేచిపోయి వెనక మూత తీసిండు.